కొత్త మామిడికాయ మొదటి ముక్క

మా ఊళ్ళో ఎండాకాలం వచ్చిన సంగతి ముందుగా పిల్లల కాళ్ళకి తెలుస్తుంది. మార్చి సగం దాటేసరికి పొద్దున్న ఏడింటికి ఇసుక చల్లగానే ఉంటుంది, తొమ్మిదింటికి గోరువెచ్చన, పదింటికి ఇక గెంతుకుంటూ పోవాల్సిందే. ఒంటిపూట బడులు మొదలయ్యాక పెద్దపిల్లలు మధ్యాహ్నానికి ఇల్లు చేరతారు. బడి ఈడు రాని చిన్నవాళ్ళు మాత్రం ఏడింటికే నా వరండాలో ఉంటారు. వాళ్ళ అమ్మలు చేపల గంపలతో ఆటోలెక్కి చీపురుపల్లి వైపో శ్రీకాకుళం వైపో వెళ్ళిపోతారు. ఎండ ముదిరేదాకా ఆ పిల్లల్ని ఎవరో ఒకరు చూసుకోవాలి కదా, ఆ ఎవరో ఒకరు నేనే.

నేను పంతులమ్మని కాను. మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యాను. పుట్టింది బొబ్బిలి దగ్గర, పెళ్ళి చేసుకుని ఈ సముద్రం ఒడ్డుకి వచ్చిపడ్డాను. నేను చెప్పబోయే ఏడాదికి ఆయన పోయి నాలుగేళ్ళు. ఊరంతా నన్ను నర్సమ్మ అంటుంది, మాటలు సరిగా రాని పిల్లలతో సహా. నాకు నోరెక్కువ. ఆసుపత్రిలో డాక్టర్లు కూడా నన్ను చూసి పక్క వరండాలోంచి వెళ్ళేవారు. అయినా ఈ పిల్లలు నా చుట్టూనే తిరుగుతారు. నా కేకల్లో పస లేదని వాళ్ళు ఏనాడో కనిపెట్టేసి ఉంటారు.

ఆ ఏడాది పొద్దులు ఇప్పుడు తలచుకుంటే అవి నిజంగా జరిగాయా, లేక వరండాలో కునుకు తీస్తూ నేను కన్న కలా అనిపిస్తుంది. సముద్రం మీంచి గాలి వచ్చి వాకిట్లో వేపచెట్టుని నెమ్మదిగా కదిపేది. చెట్టు కింద నేనొక పాత చీర పరిచి ఉంచేదాన్ని. తెల్లారేసరికి దాని నిండా వేపపూత, సన్నగా, తెల్లగా, ముట్టుకుంటే చేతికి అంటుకునేలా ఉండేది. పువ్వులు ఏరండర్రా అని పిల్లల్ని కూర్చోబెడితే వాళ్ళు పువ్వులొదిలేసి చీమల్ని ఏరేవారు. ఏరిన చీమల్ని నా చెప్పులో పోసేవారు. నేను అరిచేదాన్ని. వాళ్ళు నవ్వేవారు. ఆ నవ్వులకి చెట్టు మీద కాకి కూడా విసుక్కుని ఎగిరిపోయేది.

బెండకాయని అడ్డంగా కోసి రంగులో ముంచి కాగితం మీద అద్దితే పువ్వు పడుతుంది. వాళ్ళు కాగితం మీద రెండు అద్ది, మిగతావి ఒకళ్ళ పొట్ట మీద ఒకళ్ళు అద్దుకునేవారు. కొబ్బరాకుతో వాచీలు చేసి ఇస్తే అందరి వాచీల్లోనూ ఒకటే టైము, అమ్మొచ్చే టైము. జీడిమామిడి పళ్ళు ఎవరో తెచ్చిస్తే రసం బట్టల మీద పడకుండా చొక్కాలు విప్పించి తినిపించేదాన్ని. పది గంటలకి వాళ్ళ కళ్ళు మూతలు పడేవి. చాపమీద వరసగా పడుకుంటే ఎవరి కాలు ఎవరిదో తెలిసేది కాదు. సముద్రం చప్పుడు వింటూ నేనూ గోడకి ఆనుకుని కళ్ళు మూసుకునేదాన్ని. జీవితంలో అంత తీరికగా నేను ఎప్పుడూ లేను.

పండగలంటే నాకు పిల్లలకున్నంత సరదా. మేము బాప్టిస్టు క్రైస్తవులం. అయినా పండగ ఎవరిదైనా వరండా అందరిదే. ఈస్టరు ముందు వచ్చే మట్టలాదివారం నాడు మా గుడి పిల్లలతో పాటు వీళ్ళూ ఈతమట్టలు పట్టుకుని హోసన్నా అని గొంతు చించుకున్నారు. శ్రీరామనవమికి నేను వీళ్ళతో కలిసి పందిట్లో కూర్చుని పానకం తాగుతాను. ఉగాది పచ్చడంటే ఇక చెప్పక్కర్లేదు. మా ఆయన ఉన్నప్పుడు మూడిళ్ళ నుంచి గిన్నెలు వచ్చేవి, మూడూ నేనే ఖాళీ చేసేదాన్ని. ఆ ఏడు ఈస్టరు ముందు వచ్చింది, ఉగాది వారం పైన వెనకబడింది. ఉగాదికి ముందురోజు వచ్చేది కొత్తమావాస్య. మా వైపు చాలా ఇళ్ళల్లో ఆ రోజు పోయిన పెద్దలకి కొత్తబట్టలు పెట్టి వండి వడ్డిస్తారు. అంతవరకే నాకు తెలుసు. ఇన్నేళ్ళు ఈ ఊళ్ళో ఉండి ఆ పైన ఏముందో ఎవరినీ అడగలేదు. వాళ్ళ ఇళ్ళల్లోకి నేను సూదిమందు పట్టుకుని వెళ్ళడమే గాని తీరిగ్గా కూర్చోవడానికి వెళ్ళింది తక్కువ.

ఆ పిల్లల్లో నాలుగేళ్ళ గుంట ఒకతె ఉండేది. మా వైపు ఆడపిల్లని ముద్దుగా గుంట అంటారు. బుగ్గలు ఉబ్బుగా, జుట్టు ఎంత దువ్వినా నెత్తి మీద నిలబడేలా ఉండేది. అందరూ పడుకున్నాక కూడా అది పడుకునేది కాదు, నా పక్కన కూర్చుని కబుర్లు చెప్పేది. దాని తండ్రి అంతకు ముందు కార్తీకంలో చేపల వేటకెళ్ళి తెప్ప తిరగబడి పోయాడు. ఇంట్లో నానమ్మ, తల్లి, అది, ముగ్గురే మిగిలారు. నానమ్మ ఇంటి దగ్గర చేపలు ఎండబెడుతుంది. గంప ఎత్తుకుని ఆటో ఎక్కడం తల్లి వంతయింది. పాతికేళ్ళు కూడా ఉండవు ఆ అమ్మాయికి. పొద్దున్న పిల్లని నాకు అప్పగించేటప్పుడు కూడా తల ఎత్తి మాట్లాడేది కాదు.

తండ్రి ఏమయ్యాడని పిల్ల అడిగితే వాళ్ళు ఒక మాట చెప్పి పెట్టారు. దాన్ని అది నాకు రోజూ చెప్పేది.

"నర్సమ్మా, మా నాన పెద్దల్లోకెళ్ళినాడు. కొత్తమావాస్యకొస్తాడు. కొత్త సొక్కా ఏసుకుని, అన్నం తిని, మళ్ళీ ఎల్లిపోతాడు."

"అవునా? మరి నీకేం తెస్తాడు?"

"ఏటీ తేడు. ఆకలేసి వస్తాడు" అనేది, నాకు ఆ మాత్రం తెలీనందుకు జాలిపడుతూ.

నేను ఊఁ కొట్టేదాన్ని. పసిపిల్లని ఓదార్చడానికి ఏదో ఒకటి చెప్పాలి కదా అనుకున్నాను. అది ఆ రోజు కోసం ఎంతలా చూస్తోందో నా బుర్రకి ఎక్కలేదు.

ఈస్టరుకి నాలుగు రోజుల ముందు, పొద్దున్న, నేనే ఒక ఆట కనిపెట్టాను. ఆరు రుచుల ఆట. స్టీలు గిన్నెలు ఆరు వరసగా పెట్టాను. ఉప్పు, బెల్లం, చింతపండు, చిటికెడు కారం, వేపపూత, ఆరోదాన్లో సన్నగా తరిగిన మామిడికాయ. నా పాత చున్నీ ఒకటి గంతలకి. కళ్ళకి గంత కట్టి నాలిక మీద ఏదో ఒకటి పెడతాను, అదేమిటో చెప్పాలి. ఉగాది వచ్చేసరికి వీళ్ళకి పచ్చడి రుచులు విడివిడిగా తెలియాలని నా గొప్ప ఆలోచన.

ఆ పొద్దు ఎంత బాగుందో చెప్పలేను. వేపపూత తగిలినవాడు ఇల్లు ఎగిరేలా ఏడ్చాడు, బెల్లం పెట్టగానే ఏడుపు మధ్యలో ఆపి చప్పరించాడు. ఉప్పు తగిలిన ఒకమ్మాయి "సముద్రం" అంది. దానికి మార్కులు పూర్తిగా ఇచ్చాను. గంత కట్టించుకున్నవాళ్ళు నోరు తెరుచుకుని, పిట్టపిల్లల్లా మెడలు చాచి, నా చెయ్యి ఎటునుంచి వస్తుందో అని ఎదురుచూస్తుంటే వాళ్ళని అలా చూస్తూ ఉండిపోవాలనిపించింది. చెట్టు నీడ వాళ్ళ మొహాల మీద కదులుతోంది. ఎక్కడా ఏ తొందరా లేదు.

ఆ గుంట వంతు చివర్న వచ్చింది. గంత కట్టాను. నోరు తెరిచింది. నా వేళ్ళకి మామిడికాయ గిన్నె దగ్గరగా ఉంది. ఒక ముక్క తీసి దాని నోట్లో పెట్టాను.

మొహం మొత్తం ముడుచుకుంది. భుజాలు చెవుల దాకా ఎత్తింది. నమిలి, మింగి, "సింతపండు!" అంది ధీమాగా.

"ఓడిపోయావే. మామిడికాయ!" అన్నాను చప్పట్లు కొడుతూ. పిల్లలందరూ కొట్టారు.

అది గంత తనే పైకి లాగేసుకుంది. నా చేతిలో గిన్నె వైపు చూసింది. చప్పట్లు కొట్టలేదు, నవ్వలేదు. ఏమైందే అని అడగబోయాను. ఇంతలో పక్కన ఒకడు కారం చేత్తో కళ్ళు నులుముకున్నాడు. వాణ్ణి ఎత్తుకుని కుళాయి దగ్గరికి పరిగెత్తాను. తిరిగి వచ్చేసరికి అది చాప చివర ఒక్కతే పడుకుని ఉంది. నిద్రొచ్చిందనుకున్నాను.

మిట్టమధ్యాహ్నం దాని నానమ్మ వచ్చింది. గేటు బయటే నిలబడింది. ఎండుచేపల పని మధ్యలో లేచి వచ్చినట్టుంది, చేతులకి ఉప్పు అలాగే ఉంది.

"నర్సమ్మా, మా గుంటకి మావిడికాయెట్టినావా?"

"పెట్టాను. అందరికీ పెట్టాను. ఏం, వాంతయ్యిందా?" అన్నాను. నర్సు బుద్ధి ఎక్కడికి పోతుంది.

"వాంతయినా బాగున్ను" అంది ముసలమ్మ. "నా కొడుక్కెట్టకుండా ఇంట్లో ఎవులం కొత్తకాయ ముట్టుకోం. మొదటేడు కదేటి ఆడికి. కొత్తమావాస్యకి ఆడికి ముందు పెట్టి, తరవాతే మేం తినాల. ముందు మనం తినీసినామంటే ఆడు గడప దాటి లోపలికి రాడు."

అప్పటికి నాకు సంగతి తెలిసింది. తప్పయిందమ్మా, తెలీక చేశాను అని అంటే సరిపోయేది. నేను అనలేదు. నా మంచి ఆటని ఎవరో తప్పుపట్టారన్న ఉక్రోషం ముందు వచ్చింది.

"ఊళ్ళో పిల్లలందరూ ఉప్పూ కారం అద్దుకుని తింటూనే ఉన్నారు. బడి గేటు దగ్గర అమ్ముతూనే ఉన్నారు. దీని కళ్ళకి గంత కట్టి నేను పెట్టాను, దానికేం తెలుసు? నాలుగేళ్ళ పిల్ల ఒక్క ముక్క తింటే చచ్చిపోయినవాడు అలుగుతాడా?"

చచ్చిపోయినవాడు అన్న మాట నా నోట్లోంచి వచ్చాక నాకే వినపడింది. ముసలమ్మ మొహం ఏమీ మారలేదు. గేటు ఊచ పట్టుకుంది.

"అలగడమ్మా" అంది. "ఆడికి అలగడం సేతకాదు. బయటే నిలబడిపోతాడు. మనం రమ్మనలేదనుకుంటాడు."

అని వెళ్ళిపోయింది. ఆ ఎండలో ఆవిడ వీధి మలుపు దాకా వెళ్ళడం చూస్తూ నిలబడ్డాను. పిలుద్దామనుకున్నాను. గేటు గడియ పెట్టి లోపలికి వచ్చేశాను.

మర్నాడు ఆ గుంట రాలేదు. ఆ తర్వాత రోజూ రాలేదు. వరండాలో ఆటలు జరుగుతూనే ఉన్నాయి, కాగితం గాలిపటాలు, తాటాకు గిలకలు. గిలకలు పట్టుకుని పిల్లలు గాలికి ఎదురు పరిగెడుతుంటే నేను లెక్కపెట్టేదాన్ని, ఎన్నిసార్లు లెక్కపెట్టినా ఒకటి తక్కువే వచ్చేది. నా మీద నాకే చిరాకు. ఆ చిరాకు పిల్లల మీద చూపించాను. ఒకడి గిలక లాక్కున్నాను కూడా. తర్వాత రెండు బిస్కెట్లు ఇచ్చి బతిమాలుకున్నాను.

మూడో రోజు సాయంత్రం నేనే వాళ్ళింటికి వెళ్ళాను. ముందు తాటాకు పంచ, వెనక చిన్న స్లాబు గది. ముసలమ్మ సముద్రం వైపు వెళ్ళిందట. తల్లి గంప కడుగుతోంది. పిల్ల గోడ వారగా కూర్చుని ఉంది. నన్ను చూసి ఎప్పటిలా పరిగెత్తుకు రాలేదు. పెదాలు గట్టిగా బిగించుకుంది.

"తింతన్నాదా?" అని అడిగాను వాళ్ళ యాసలో, దగ్గరతనం కోసం.

తల్లి ఆ పూట మొదటిసారి నాతో నాలుగు మాటలు మాట్లాడింది. "ఏటి తింతాదమ్మా. ఏది పెట్టినా, నానకెట్టీసినారా అని అడుగుతాది. ఇడ్లీకీ అదే, బిస్కట్టుకీ అదే. బిస్కట్టుకి పట్టింపు నేదే అంటే ఇనదు. పెట్టీసినామని సెప్తే, ఏదీ, ఎప్పుడెట్టినారు, నేను సూణ్ణేదు కదా అంతాది. నిన్న పొద్దుట్నుంచి రెండు ముద్దలు తిన్నాది అంతే."

"అత్తగారు ఏమైనా అన్నారా దాన్ని?"

"ఒక్క మాటా అన్లేదు. ఆవిడ మాటాడకుండా ఏడుస్తన్నాది. అది సూసింది ఇది."

నేను పిల్ల దగ్గర గొంతుక్కూర్చున్నాను. అది నన్ను చాలాసేపు చూసింది. తర్వాత, రహస్యం చెప్పేటట్టు, "నర్సమ్మా, నేను కడిగీసుకున్నాను" అంది.

"ఏంటమ్మా?"

"నోరు. ఉప్పునీళ్ళతోటి. ఇప్పుడు నేదు సూడు." అని గొంతు నొప్పొచ్చినప్పుడు నేను చూపించమనేట్టుగానే ఆ... అని నోరు తెరిచి చూపించింది.

ఎన్ని వేల గొంతులు చూశానో నా సర్వీసులో. అన్నిట్లో ఏదో ఒకటి కనిపించేది, ఇవ్వడానికి మందు ఉండేది. ఆ చిన్న ఎర్రటి నోట్లోకి చూస్తే నాకు ఏమీ కనిపించలేదు. "లేదమ్మా, ఏమీ లేదు, పోయింది" అన్నాను. అది నమ్మలేదు. మళ్ళీ నోరు మూసేసుకుంది. ఇంటికి వచ్చేదాకా దారంతా కొంగుతో కళ్ళు తుడుచుకుంటూనే ఉన్నాను, ఎదురొచ్చినవాళ్ళకి ఇసుక పడిందని చెప్పాను.

ఈస్టరు పొద్దున్న మేమంతా తెల్లారకముందే సమాధుల దగ్గరికి వెళ్తాం. అక్కడే ఆరాధన. సూర్యుడు సముద్రంలోంచి వచ్చేసరికి పాట పూర్తవ్వాలి. ప్రతి ఏడూ నేను మా ఆయన సమాధికి సున్నం వేయించి, బంతిపూలు పెడతాను. ఆ ఏడు పూలు పెట్టి లేవబోతూ ఆగిపోయాను. ఈయనకి తెల్లపూలు ఇష్టమని, బంతిపూలు వాసన అని విసుక్కునేవాడని నాకు బాగా తెలుసు, అయినా నాలుగేళ్ళుగా బంతిపూలే తెస్తున్నానని అప్పుడు తట్టింది. పాస్టరుగారు సమాధిలోంచి లేచినవాడి గురించి చెబుతున్నారు. నా మనసు దాని మీద లేదు. సమాధి ముందు నిలబడి, వచ్చే ఏడు మల్లెలు తెస్తానయ్యా అని పెదాలు కదిపాను. పక్కనున్నావిడ నేను ప్రార్థన చేస్తున్నాననుకుని కళ్ళు మూసుకుంది. చనిపోయినవాళ్ళకి ఏమీ అక్కర్లేదని నేను ఆ ముసలమ్మ మొహం మీద చెప్పకుండానే చెప్పాను. నేనే ఇక్కడ ఒకాయనకి పూల సంగతి క్షమాపణ చెప్పుకుంటున్నాను. నాకు సిగ్గేసింది.

ఆ వారమంతా గుంట వరండాకి రాలేదు, బతిమాలితే నాలుగు ముద్దలు తింటోందని పక్కింటివాళ్ళు చెప్పారు. కొత్తమావాస్య ముందురోజు ముసలమ్మే మళ్ళీ వచ్చింది. ఈసారి గేటు తీసుకుని లోపలికి వచ్చి, వరండా మెట్టు మీద కూర్చుంది. మంచినీళ్ళు ఇచ్చాను. తాగింది. నేను ముందే అనేశాను, ఆ రోజు నోరు జారాను, మనసులో పెట్టుకోవద్దు అని. ఆవిడ ఖాళీ గ్లాసు మెట్టు మీద బోర్లించింది.

"రేపు నువ్వు రావాల నర్సమ్మా."

"నేనా? నేనెందుకు?"

"గుంటకి నీ సేత్తో పెట్టినావు. ఆడిక్కూడా కాయ నువ్వే కొయ్యాల. నీ సేత్తో అయినాది నీ సేత్తోనే సరవ్వాల. అప్పుడైనా వస్తాడేమో."

మా వాళ్ళకి ఇవి లేవు. పోయినవాళ్ళకి విస్తరి వెయ్యడం మేం చెయ్యం. దేవుడు ఏమనుకుంటాడో అని నాకు పెద్దగా భయం లేదు, ఆయన నన్ను చిన్నప్పట్నుంచీ చూస్తున్నాడు. సంఘంలో ఆడవాళ్ళు ఏమనుకుంటారో అన్నదే నా భయం. ఆదివారం నాడు నన్ను చూసి ఇద్దరిద్దరుగా గుసగుసలాడతారు. కానీ ముసలమ్మ చెయ్యి మెట్టు మీద ఉంది. ఆ చేతి గోళ్ళు ఉప్పుకి తెల్లబడి ఉన్నాయి. వస్తాను అన్నాను.

మర్నాడు పొద్దున్న పదయ్యేసరికి వెళ్ళాను. ఆ రోజు ఎండ కూడా మెత్తగా ఉంది, పల్చటి మబ్బేదో కప్పింది. ఆ వీధిలో ప్రతి ఇంట్లోంచీ సాంబ్రాణి పొగ వస్తోంది. పొగ గుమ్మాల్లోంచి బయటికి వచ్చి, వీధి మధ్యలో ఒకదానితో ఒకటి కలిసి, సముద్రం గాలికి మళ్ళీ ఇళ్ళల్లోకే పోతోంది. ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు. ఆ పొగలో నడుస్తుంటే ప్రతి గుమ్మంలోనూ ఎవరో ఇప్పుడే వచ్చి చెప్పులు విప్పుతున్నట్టు అనిపించింది. నాలాంటి మనిషికి కూడా అనిపించింది.

గదిలో గోడ వారగా గుంట తండ్రి ఫోటో ఉంది. ఫోన్లో తీసింది పెద్దది చేయించారు, వెనక తెప్ప కొస కనబడుతోంది. ముందు పీట మీద కొత్త లుంగీ, నీలం చొక్కా, వాటి మీద పసుపు బొట్టు. అరిటాకులో అన్నం, చేపల పులుసు, గారెలు. ఆకు పక్కన ఒక్క మామిడికాయ, ఆకుతో సహా కోసుకొచ్చింది. కత్తిపీట నా ముందుకు జరిపారు. నేను కూర్చుని కాయ కోశాను. లోపలి జీడి తీసేశాను. ముక్కలు చిన్న గిన్నెలో పెట్టి ముసలమ్మ ముందుకు జరిపాను.

"గుంటేదీ?" అంది ముసలమ్మ.

గుంట లేదు. ఇంట్లో లేదు, పంచలో లేదు. తల్లి బయటికి పరిగెత్తింది, వెనకాలే నేనూ. వీధి చివర బోర్లించిన తెప్ప ఒకటి ఉంది. దాని నీడలో నిలబడి ఉంది. కొత్తగౌను వేసుకుని, చేతులు వెనక్కి పెట్టుకుని.

"ఇంటికి రాయే" అంది తల్లి.

"నేన్రాను. నేనుంటే నాన రాడు. నాన తినేసి ఎల్లిపోయినాక వస్తాను."

తల్లి వంగి దాన్ని ఎత్తుకుంది. పిల్ల ఏడవలేదు, గింజుకోలేదు, కట్టెలా బిగుసుకుని తల్లి భుజం మీద నుంచి తెప్ప వైపే చూస్తోంది. గుమ్మం దాకా వచ్చేసరికి రెండు చేతులతో నోరు మూసేసుకుంది.

లోపల ముసలమ్మ మామిడి ముక్క చేతిలోకి తీసుకుని ఆకులో పెట్టబోతోంది. తల్లి గడప దగ్గరే ఆగింది. అత్తగారి ముందు ఆ అమ్మాయి గొంతు ఎత్తగా నేను ఎప్పుడూ వినలేదు. భర్తని మావ అని పిలిచేది.

"అత్తా, ఆగు. ఒక్క మాట. మావ బతికున్నన్నాళ్ళూ దీనికెట్టకుండా ఒక్క ముద్ద తిన్నాడేటి? సంద్రం ఏటనుంచొచ్చి ఆకలికి సేతులొణుకుతున్నా, దీన్ని తొడమీద కూసోబెట్టుకుని, ముందు దీని నోట్లో పెట్టి, ఇది కొరికొదిలీసింది తినీవోడు. నిద్దరోతే లేపి మరీ పెట్టీవోడు. నువ్వే కదా తిట్టీదానివి, గుంటెంగిలి తింతావేట్రా, సిగ్గునేదా అని. బతికున్నప్పుడు ముందు తిననోడు, ఇప్పుడు ముందు తింతాడేటి? ఇది తిన్నేదని తెలిస్తే అప్పుడు రాడత్తా. అప్పుడు రాడు."

ముసలమ్మ చెయ్యి ఆకు మీదే ఆగిపోయింది. కొడుకు ఫోటో వైపు చూసింది. ఆమె మెడలో నరం కొట్టుకోవడం నాకు కనబడుతోంది. సాంబ్రాణి ఒక్కసారి చిటపటలాడి మళ్ళీ పొగ వదిలింది. అప్పుడు ఆవిడ నేల మీద చెయ్యి ఆనించి లేచింది. మోకాళ్ళ నొప్పులావిడ, లేవడానికి కష్టపడింది. ముక్క పట్టుకుని గడప దగ్గరికి వచ్చింది.

"ఇదిగో. తినే తల్లీ."

పిల్ల చేతుల సందులోంచి అడిగింది. "నానకెట్టీసినారా?"

"నేదు. నువ్వు తిన్నాకే తింతాడంట. ఎప్పటిలాగే."

పిల్ల తల్లి మొహంలోకి చూసింది. తర్వాత నా మొహంలోకి. నేను తల ఊపాను, ఇంకేం చెయ్యాలో నాకు తెలీక. చేతులు తీసేసి నోరు తెరిచింది. సగం కొరికింది. కొరికి, నములుతూ, పులుపుకి ఒక కన్ను మూసుకుంది.

మిగిలిన సగం ముసలమ్మ చేతిలో ఉంది. దాని మీద చిన్న చిన్న పళ్ళగాట్లు. ఇంట్లో దేవుడి గూటిలో పువ్వు పెట్టేముందు మూడుసార్లు చెయ్యి కడుక్కునే మనిషి ఆవిడ. ఆ ఎంగిలి ముక్కని పట్టుకెళ్ళి, కొడుకు ఆకులో, అన్నం మీద పెట్టింది.

"తినరా" అంది. "నీ కూతురు కొరికిచ్చింది. నేను తిట్టన్లే."

అందరం బయటికి వచ్చాం. వచ్చిన పెద్దలు మొహమాటం లేకుండా తినాలని అక్కడ తలుపు దగ్గరగా వేస్తారు. ముసలమ్మ తలుపు లాగి, కొంగు నోట్లో కుక్కుకుని పంచలో కూలబడింది. తల్లి ఆవిడ పక్కన కూర్చుంది. నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను. పిల్ల మాత్రం తల్లి ఒళ్ళోంచి జారి తలుపు దగ్గరికి వెళ్ళింది. రెండు రెక్కల సందుకి మొహం ఆనించి, లోపలికి, నెమ్మదిగా చెప్పింది.

"నానా, పుల్లగున్నాది. ఉప్పద్దుకో."